దిండుకో తిట్టు

మా ఆవిడ బతికినన్నాళ్ళూ ఒక్క దిండునూ మెచ్చుకోలేదు. మాది దిండ్ల దుకాణం.

దూది ఏకడం నా పని, సంచీలో కూరడం నా పని. మూతి మాత్రం కుట్టకుండా వదిలేసి ఆవిడ ముందు పెట్టాలి. ఆవిడ చేస్తున్న పని ఆపి, దిండును పిడికిలితో ఒక్క పోటు పొడిచి, బల్ల మీద వేసి, దాని మీద తల ఆనించి కళ్ళు మూసుకునేది. తరువాత తీర్పు. "ఇది దిండా, అలిగిన అత్తగారా? ఎంత నొక్కినా మెత్తబడదు" అనేది. "దీని మీద పడుకుంటే పీడకలక్కూడా మెడ పట్టేస్తుంది" అనేది. ఒకసారి ఒక దిండు బాగా పలచగా వస్తే, "మీ బుర్ర కంటే ఇదే నయం, అడుగునైనా కాస్త ఏదో తగులుతోంది" అంది.

తిట్టు పడిన దిండు తిరిగి నా దగ్గరికే వచ్చేది. దూదంతా లాగి, విదిల్చి, మళ్ళీ కూరేవాణ్ణి. ఏమీ అనకుండా పక్కకు విసిరిందంటే అది బాగున్నట్టు. అప్పుడు తనే మూతి కుట్టేది. మా దుకాణం గడప దాటిన ప్రతి దిండూ ఆవిడ నోరు మూయించిన దిండే.

నాకూ అవే తిట్లు. నేను ఏనాడూ ఆవిడ నోరు మూయించలేకపోయాను. మాది అన్యోన్య దాంపత్యమని బంధువులెవరైనా అంటే నాకు నవ్వొచ్చేది. ఆవిడకి అనడం అలవాటు, నాకు పడటం అలవాటు. రెండు అలవాట్లూ ఒకే ఇంట్లో ఉన్నాయి కాబట్టి కాపురం సాగింది. తరువాత ఆవిడకి జబ్బు చేసింది. ఆస్పత్రికి నడిచి వెళ్ళింది, నడిచి రాలేదు. సణిగే మనిషి లేకపోతే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళని అలాంటి ఇంట్లో ఒక వారం ఉంచాలి.

చీరలు మరదలు తీసుకుంది. గాజులు మా అమ్మాయి తీసుకుంది. ఫోటోలకి ఆవిడ సరిగ్గా నిలబడేది కాదు. నాకు మిగిలింది ఆవిడ అన్న మాటలు. అవి ఎక్కడా రాసి లేవు, ఎవరూ పట్టి పెట్టలేదు. నా చెవుల్లో ఉన్నాయి, అంతే. దూదికి చెమ్మ తగలకుండా చూసుకున్నట్టు వాటిని చూసుకోవాలనుకున్నాను. వాటికి చెమ్మ ఎలా తగిలిందో చెబుతాను.

ఆవిడ పోయాక దుకాణం పడుకుంది. జనం స్పాంజి దిండ్లకి మరిగారు. పిండితే నీళ్ళు కారే వస్తువు మీద తల పెట్టుకుని పడుకుంటారు, అది వాళ్ళ ఖర్మ. నాకు సాయంగా మరదలొక్కతే మిగిలింది. మా ఆవిడ చెల్లెలు. కుట్టుపని తనది. ఒకప్పుడు బడిలో ఆయాగా చేసింది, ఇప్పుడు మూతులు కుడుతుంది. నన్ను ఆట పట్టించే హక్కు తనకి పుట్టుకతో వచ్చిందనుకుంటుంది.

ఆ రోజుల్లోనే అల్లుడి ఉద్యోగం పోయింది. అతను వేరేవాళ్ళ సబ్బులకీ చెప్పులకీ ఫోన్లో పేరు తెచ్చిపెట్టే కంపెనీలో చేసేవాడు. ఆ కంపెనీలో తన పేరు మాత్రం ఎవరికీ గుర్తులేకపోయింది. అమ్మాయినీ పెట్టెల్నీ తీసుకుని మా ఇంటికొచ్చాడు. వచ్చిన మర్నాడే దుకాణమంతా ఒకసారి కలియజూసి, "మామయ్యా, మీ దగ్గర సరుకుంది, కథ లేదు" అన్నాడు. కథలున్నవాళ్ళు దిండ్లు కుట్టుకుని బతకరని నేనన్నాను. ఆ మాట బాగుందని ఫోన్లో ఎక్కించుకున్నాడు.

తరువాత నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. జనం వస్తువు కొనరట, వస్తువు వెనకున్న మనిషిని కొంటారట. వాళ్ళు మన పేజీ దగ్గర ఆగాలి, చూడాలి, గుండె బొమ్మ నొక్కాలి, ఒక ముక్క రాయాలి. మనం బదులివ్వాలి. వాళ్ళు మళ్ళీ రాయాలి. ఈ రాకపోకల పేరు ఎంగేజ్‌మెంట్. అది పెరిగితే బ్రాండు పుడుతుంది. మా కాలంలో ఇదే పని చేసే ఆడవాళ్ళని పనీపాటా లేనివాళ్ళనేవారు. అయినా ఇంట్లో ఖాళీగా కూర్చున్న అల్లుడికి ఏదో ఒక పని ఉండటం మంచిదనుకున్నాను.

పేజీకి "అమ్మ దిండు" అని పేరు పెట్టారు. అమ్మాయి పెళ్ళిలో తీసిన ఫోటో ఒకటి వెతికి పట్టుకున్నారు. అందులో మా ఆవిడ ఫోటోలవాణ్ణి కొరకొరా చూస్తోంది. అలా చూస్తే జనం ఆగరని అల్లుడు ఆవిడ పెదవుల కొసలు రెండు వైపులా కాస్త పైకి లాగాడు. కనుబొమ్మలు సాపు చేశాడు. కింద ఇలా రాశాడు: "ప్రతి దిండునూ కన్నబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని లాలించిన అమ్మ."

నేను ఆ బొమ్మను చాలాసేపు చూశాను. మరదల్ని పిలిచి చూపించాను.

"ఎవరు బావా ఈవిడ? ముక్కు మాత్రం మా అక్కదే" అంది.

అమ్మాయితో చెప్పాను, మీ అమ్మ ఇలా నవ్వదని. దానికి కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది. చిన్నపిల్లాడికి నచ్చజెప్పినట్టు చెప్పింది. "నాన్నా, మనకి తెలిసిన అమ్మ మన దగ్గరే ఉంటుంది. వాళ్ళకి కూడా ఒక అమ్మ కావాలి కదా. రాగానే తిడితే ఎవరుంటారు?"

నేనున్నాను కదా అందామనుకున్నాను.

జనం వచ్చారు. ఎక్కడెక్కడి వాళ్ళో. అమ్మా నీ దిండు మీద తల పెడితే నీ ఒళ్ళో ఉన్నట్టుందని రాశారు. ఒళ్ళో తల పెట్టుకోవడానికి మా ఆవిడ కన్నకూతురికే వీలు ఇచ్చేది కాదు, మోకాళ్ళ నొప్పులు. అల్లుడు అందరికీ బదులు రాసేవాడు. "బంగారు తల్లీ, హాయిగా నిద్రపో." ఎవరో అనామకుల్ని మా ఆవిడ బంగారు తల్లీ అని పిలవడం మొదలుపెట్టింది. నన్ను చచ్చేదాకా "ఏమండీ, మిమ్మల్నే" అని మాత్రమే పిలిచింది.

అందులో నాకు పట్టిన భయం ఒకటుంది. రోజూ ఆ నవ్వు మొహం చూస్తుంటే, దూది కూరేటప్పుడు చెవిలో వినబడే గొంతు కూడా పలచబడుతున్నట్టు అనిపించింది. ఆ అబద్ధపు మనిషిని ఇంట్లోంచి వెళ్ళగొట్టాలనుకున్నాను.

అవకాశం అల్లుడే ఇచ్చాడు. కొత్తగా పెద్ద దిండు ఒకటి తెస్తున్నామని, జనం ముందు లైవులో నేను నాలుగు ముక్కలు మాట్లాడాలని అన్నాడు. ఏం మాట్లాడాలో రాసిచ్చాడు. వెనక దూది కుప్ప పోయించి దాని మీద ఆ నవ్వు బొమ్మ పెట్టించాడు, ఎదురుగా దీపం నిలబెట్టాడు. కళ్ళు తుడుచుకోవలసిన చోట తను చెయ్యెత్తుతానన్నాడు.

అతను చెయ్యెత్తక ముందే నేను మొదలుపెట్టాను.

"ఈ బొమ్మలో ఉన్నావిడ ఎవరో నాకు తెలియదు. నేను కాపురం చేసినావిడ దిండును లాలించలేదు, పొడిచింది. మీరు పంపే గుండె బొమ్మలు చూస్తే, ఇంతమందికి గుండెలు ఊడిపోయాయేం, కుట్టుకోవడం రాదా అని అడుగుతుంది. మీరు ఎవరి కోసం ఏడుస్తున్నారో గానీ మా ఆవిడ కోసం మాత్రం కాదు."

తరువాత ఆవిడ తీర్పులు చెప్పాను. అలిగిన అత్తగారి మాట, పీడకల మాట, నా బుర్ర మాట, ఇంకా గుర్తొచ్చినవన్నీ. చెప్పి లేచి వచ్చేశాను. వస్తూ దీపాన్ని తన్నుకున్నాను. కావాలని కాదు, అయినా బాధపడలేదు. పీడ విరగడైందనుకున్నాను.

పొద్దున్నే లేచేసరికి అమ్మాయి వంటింట్లో ఫోను పట్టుకుని నవ్వుతోంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఎన్నడూ లేనంతమంది చూశారట. మా అమ్మ కూడా అచ్చం ఇంతే అని రాశారట. మమ్మల్ని కూడా తిట్టమ్మా అని అడిగారట. అల్లుడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మామయ్యా, నేను రాసిచ్చింది ఏం పనికొస్తుంది? మీరు కోపం నటించారు చూడండి, అదీ బ్రాండంటే" అన్నాడు.

మధ్యాహ్నానికల్లా ఫోటోలో పెదవులు కిందికి దిగాయి. అసలున్న చోటు కంటే కూడా కిందికి దిగాయి. కనుబొమ్మల మధ్య లేని గీత ఒకటి పుట్టింది. కన్నబిడ్డ, లాలన అంతా తీసేసి, "అమ్మ తిట్టందే నిద్రపట్టదు" అని రాశారు. ఇక ప్రతి దిండుకూ మూతి పక్కన చిన్న గుడ్డముక్క కుట్టాలని, దాని మీద ఒక్కో తిట్టు అచ్చువేయాలని తీర్మానించారు.

నేను అల్లుడికి విషయం చెప్పాను. తిట్టు పడిన దిండు మా గడప దాటలేదయ్యా, బాగున్నదాన్ని ఆవిడ ఏమీ అనేది కాదు, తిట్టు కుట్టి అమ్మడమంటే ఇది పనికిరాదని మనమే రాసిచ్చినట్టు అన్నాను. అతను కాస్త ఆలోచించాడు.

"ఆ సంగతి ఎవరికి తెలుసు మామయ్యా?"

"నాకు తెలుసు."

"మీరు కొనరు కదా" అన్నాడు.

నిజమే. నేను కొనను. పనికిరాదన్న ముద్ర వేయించుకుని దిండ్లు పెట్టెలు పెట్టెలుగా పోయాయి. దుకాణంలో మళ్ళీ దూది ఎగిరింది. మరదలు వేళ్ళు నొప్పులన్నది, తన కూతురికి పాపాయి పుడితే సాయానికని ఆ ఊరు వెళ్ళింది. తన బదులు ఇంకొకరిని పెట్టుకున్నాం.

నాకు కొత్త పని పడింది. జనం రాసేవాటికి బదులు చెప్పాలి. అమ్మాయి మధ్యాహ్నం పూట కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుని చదివేది, నేను మా ఆవిడ ఏమంటుందో చెప్పేవాణ్ణి, అది కొట్టేది. నిద్ర పట్టడం లేదమ్మా అని ఒకరు. పరీక్ష పోయిందమ్మా అని ఒకరు. మొదట్లో ఆవిడ అన్నవే వెతికి ఇచ్చాను. అమ్మాయి చిన్నప్పుడు పుస్తకం తలకింద పెట్టుకుని పడుకుంటే, "పుస్తకం దిండు కింద పెడితే చదువు రాదు, తల ఎత్తవుతుంది" అంది ఆవిడ. అది పరీక్ష పోయినవాడికి సరిపోయింది.

కానీ మనిషి అన్నది కొంతే ఉంటుంది. జనం అడిగేదానికి అంతుండదు. ఒకనాడు ఆవిడ మాటలో ఒక్క పదం మార్చాను. మర్నాడు సగం మార్చాను. అటుపైన మార్చడానికి కూడా ఏమీ మిగల్లేదు. నేనే కట్టాను. అమ్మాయి పడీ పడీ నవ్వింది, "అమ్మ నిజంగా ఇలా అందా నాన్నా?" అని అడిగింది. అందన్నాను. దాని మొహం చూసి అన్నానని చెప్పుకోవచ్చు. అసలు సంగతి వేరు. కట్టిన మాట నా నోట్లోంచి వచ్చినప్పుడు అది ఆవిడ గొంతుతోనే వచ్చేది. చాలాకాలం తరువాత ఇంట్లో ఎవరో నన్ను తిడుతున్నట్టుండేది. ఆ సుఖానికి లొంగాను. ఏవి ఆవిడవో ఏవి నావో నాకు తెలుసు కదా అని ధైర్యం చెప్పుకున్నాను. ఒక గదిలో రెండు రకాల దూది పెట్టినవాడు కూడా మొదట అలాగే అనుకుంటాడు.

మరదలు తిరిగొచ్చింది. వచ్చీ రాగానే తన చోట్లో కూర్చుని, సూదికి దారం ఎక్కిస్తూ, ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ రోజూ ఫోన్లో అక్క మాటలు చదువుకున్నానని చెప్పింది. మునుపటి వేళాకోళం లేదు తన గొంతులో. ఒక మాట మాత్రం చదివి ఏడ్చిందట.

"ఏది?" అన్నాను.

"తలొంచుకుని జీతం తీసుకునేదానివి, తలెత్తుకుని పడుకుంటానంటే దిండు ఎక్కడ దొరుకుతుందే, అన్నది. నేను బడిలో చేరిన కొత్తలో పెద్ద టీచరమ్మ తిట్టిందని ఏడుస్తూ వస్తే నాతో అన్నదే కదా బావా. ఇదిగో, ఇక్కడే నిలబడి అంది. చేతిలో కత్తెర కూడా ఉంది. నీకెలా గుర్తుందా అని ఆశ్చర్యపోయాను."

ఆ మాట నేను కట్టింది. పై అధికారి సతాయిస్తున్నాడని ఎవరో అమ్మాయి రాస్తే, మా అమ్మాయి ముందు కూర్చుని అప్పటికప్పుడు కట్టాను. కత్తెర లేదు. మరదలికి కత్తెర కూడా కనబడింది.

తనతో చెప్పేద్దామని నోరు తెరిచాను. తను కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. ఏమని చెప్పను? మీ అక్క నిన్ను ఓదార్చలేదు, ఓదార్చింది నేనని చెప్పనా?

అప్పుడు నిజంగా భయమేసింది. అమ్మాయి నేను ఏది చెప్పినా నమ్ముతుంది. ఇక ఆవిడ మాటలు తెలిసినవాళ్ళం ఈ లోకంలో ఇద్దరమే. అందులో ఒకరి బుర్ర అప్పుడే కలుషితమైంది. ఇక మిగిలింది నేను. నన్ను నేను నమ్మడం అప్పటికే మానేశాను. నా దగ్గర ఒక మాట ఉంది, పేజీకి ఇవ్వనిది. ఆస్పత్రిలో ఆఖరి సాయంత్రం, అమ్మాయి మందులకని కిందికి వెళ్ళినప్పుడు, ఆవిడ నాతో అన్నది. చిన్న మాట. అందులో తిట్టు లేదు. అదేమిటో ఇక్కడ రాయను. మీరూ జనమే.

ఆ ఒక్కటైనా ఇంకో మనిషి దగ్గర దాచుకోవాలనిపించింది. మరదలి పక్కన పీట వేసుకుని కూర్చుని, గొంతు తగ్గించి, మీ అక్క ఆఖరుగా ఇలా అందని చెప్పాను.

మరదలు సూది ఆపింది. నా మొహంలోకి చూసింది. తరువాత నవ్వింది.

"పో బావా. ఇది మాత్రం నువ్వు కల్పించిందే. మా అక్క నోట అంత మెత్తటి మాట వస్తుందా? చెప్పినా నమ్మేలా చెప్పు."

మా వెనకాల తెర ఉంది. తెర అవతల అమ్మాయి దిండు గలీబులు మడతపెడుతోందని నేను చూసుకోలేదు. తెర పక్కకు జరిగింది. చేతిలో గలీబుతోనే వచ్చింది, వెనకే అల్లుడు. ఇద్దరూ విన్నారు.

అల్లుడి మొహం వెలిగిపోతోంది. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది, ఆ రోజున పేజీలో ఏం పెట్టాలా అని అతను తలబద్దలు కొట్టుకుంటున్నాడు. ఇన్నాళ్ళూ తిట్టిన అమ్మ ఆఖరికి ఒక్క మెత్తటి మాట అనడం కంటే ఇంకేం కావాలన్నాడు. ఊళ్ళకి ఊళ్ళు ఏడుస్తాయన్నాడు. దిండు మీద కుడితే ఎలా ఉంటుందో, తెల్లగుడ్డ మీద తెల్లదారంతో, అని వేళ్ళతో గాలిలో గీశాడు.

"అది ఆవిడ అనలేదు. నేను కల్పించాను" అన్నాను.

"అయితేనేం మామయ్యా? కల్పించినవి ఇదివరకు పెట్టలేదా?"

అంటే అతనికి తెలుసు. మొదటినుంచీ తెలుసు. అబద్ధమన్నా వదలని మనిషి చేతిలోంచి ఆ మాటను ఎలా లాక్కోవాలో తోచలేదు. అతని బొటనవేలు అప్పటికే ఫోను మీద కదులుతోంది.

అమ్మాయి ఆ ఫోను తీసేసుకుంది.

"వద్దు" అంది. "అమ్మ అలా అనదు. ఇది పెడితే, ఇన్నాళ్ళూ పెట్టినవి కూడా ఎవరూ నమ్మరు."

అల్లుడు ఒక్క క్షణం మొరాయించాడు. తరువాత తలూపాడు. నిజమే, బ్రాండుకి నప్పదన్నాడు. మనం కట్టుకున్న అమ్మ ఒకటి, ఈ మాట అన్న అమ్మ ఒకటి, జనం తికమకపడతారన్నాడు. నేను చెప్పలేదూ, అన్నట్టు మరదలు నా వైపు చూసింది.

ముగ్గురూ నేనేమంటానా అని ఆగారు. వాళ్ళకి అనుమానం మిగిలితే మళ్ళీ ఎప్పుడో ఒకనాడు అడుగుతారు. ఆస్పత్రిలో ఆ గదిలో నేను తప్ప ఎవరూ లేరు. నేను కాదంటే అది లేనట్టే.

"అవును. ఆవిడ అలా అనదు" అన్నాను.

మిగతా మాటలన్నీ కట్టినప్పుడు ఎంత తేలిగ్గా వచ్చాయో ఇదీ అంతే తేలిగ్గా వచ్చింది. అన్న తరువాత, నిజంగానే అనలేదేమో అనిపించింది కూడా.

అమ్మాయి కుర్చీ లాక్కుని కూర్చుంది. నా చేతి మీద చెయ్యి వేసి, ఇవాళ్టివి ఉన్నాయి, చదవనా అంది. ఎవరో కుర్రవాడు రాశాడు, పెళ్ళి చేసుకోవాలా వద్దా అని తేల్చుకోలేక నిద్ర పట్టడం లేదు, ఏం చెయ్యనమ్మా అని. ముగ్గురూ నా నోటి వైపు చూశారు.

"ఒక్క దిండు మీదే నిద్రపట్టని వాడివి, పక్కన రెండో దిండు వేయించి ఆ పిల్ల నిద్ర కూడా చెడగొడతావా" అన్నాను.

అల్లుడు తొడ చరిచాడు. అమ్మాయి నవ్వుతూనే టకటకా కొట్టింది. మరదలు దారం పంటితో కొరికి, "అదీ మా అక్కంటే" అంది.